విగ్గు తీసిన డూపు

ఎం.ఏ. విద్యార్థులు ఐచ్ఛిక కోర్సు ఎంచుకోవలసిన రోజున వెబ్‌సైటు తెరుచుకోవడమే ఆలస్యం, 'జనరంజక సంస్కృతి' కోర్సులో సీట్లన్నీ నిండిపోయాయి. దాని పక్కనే ప్రాచీన శాసనాల కోర్సు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. శాసనాలంటే చదవాలి. జనరంజకానికి చదువక్కర్లేదు, ఒక మనిషి చాలు. సినిమా పాటకో టీవీ సీరియల్‌కో ఒళ్ళు పులకరించే మనిషినొకరిని ఇంట్లోంచి పట్టుకొస్తే మిగతా పని రసపట్టీ చేసిపెడుతుంది. అలాంటి మనిషి లేని ఇల్లు తెలుగుదేశంలో ఎక్కడుంది?

రసపట్టీ ఆ విశ్వవిద్యాలయంలోనే పుట్టింది. ప్రొఫెసర్ భానుమూర్తి తన సగం జీవితం పెట్టి చేశాడు దాన్ని. నుదుటికీ రెండు మణికట్లకీ చుట్టే మెత్తటి పట్టీ. అది కట్టుకుని పాట వింటే, ఆ పాటకి మనిషిలో లేచే పులకింత ఉన్నదున్నట్టు ఫైలులోకి ఎక్కుతుంది. తర్వాత ఎవరు పట్టీ కట్టుకుని ఆ ఫైలు నడిపినా అదే పులకింత వాళ్ళకీ కలుగుతుంది. అది వచ్చాక పేపరు రాయడమనే మాటకి అర్థమే మారిపోయింది. నాలుగు ఫైళ్ళు, వాటికి నాలుగు పేజీల పరిచయం. ఫైళ్ళ కోసం సినిమా కంపెనీలు యూనివర్సిటీ గుమ్మంలో పడిగాపులు కాసేవి.

కనకమహాలక్ష్మి ఆ కోర్సు తీసుకున్నది మార్కులు సులువుగా వస్తాయని కాదు. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకి కడుపులో ఒక మంట ఉంది. వాళ్ళ నాన్న సన్యాసిరావు రికార్డింగ్ డ్యాన్సు ఆర్టిస్టు. విజయనగరం చుట్టుపక్కల ఊళ్ళ జాతర తీర్థాల్లో ఒక పెద్ద హీరోకి డూపుగా స్టేజి ఎక్కేవాడు. ఆ హీరో పేరెందుకు లెండి, ఆయన అభిమానులు ఇప్పటికీ ఊరుకోరు. విగ్గు, నల్లకళ్ళద్దాలు, మెరుపుల చొక్కా. 'పడవ పాట' మొదలైతే జనం తాటాకు పందిళ్ళెక్కేసేవారు. అదే జనం మర్నాడు అతన్ని సంతలో చూస్తే మొహం తిప్పుకునేవారు. బళ్ళో కనకాన్ని 'డూపు కూతురు' అనేవారు. ఎప్పటికైనా ఇదొక కళ అని పెద్ద చదువుల వాళ్ళ చేత అనిపించాలని ఆ పిల్ల అప్పుడే పంతం పట్టింది.

"మా నాన్న మీద పేపరు రాస్తాను" అని కనకం చెప్పినప్పుడు ప్రొఫెసర్ భానుమూర్తి మొహం వెలిగింది.

"చూసేవాళ్ళ పులకింతలు మన దగ్గర గుట్టలున్నాయమ్మా. ఆడేవాడి పులకింత ఒక్కటీ లేదు. తీసుకురా ఆయన్ని."

సన్యాసిరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి రంగేసుకుని మరీ వచ్చాడు. స్టేజి మానేసి మైకుసెట్ల అద్దె దుకాణం పెట్టుకున్నాక ఇంత ముస్తాబు ఎప్పుడూ కాలేదు. ప్రయోగశాల మెట్లెక్కుతూ కూతురి చెవిలో అన్నాడు:

"ఒలే గుంటా, గెంతమంటారేటి? మోకాలు నొప్పిగున్నాది గానీ, గెంతమంటే గెంతేస్తాను."

"గెంతక్కర్లేదు నాన్నా. కుర్చీలో కూచుని పాట వింటే చాలు."

"అంతేనా! మరింత కష్టం."

పట్టీ కట్టారు. పడవ పాట పెట్టారు. సన్యాసిరావు కళ్ళు మూసుకున్నాడు. భుజం ఒకటి మెల్లగా లేచింది, కాలి బొటనవేలు నేలని తట్టింది, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తెర మీద గీతలు కొండలై లేస్తుంటే భానుమూర్తి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. కనకం గర్వంగా అందరి మొహాలూ చూసింది. పాట అయ్యాక సన్యాసిరావు కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, "మంచినీళ్ళుంటే ఇప్పించండి బాబూ" అన్నాడు. అలసిపోయాడనుకున్నారందరూ.

తర్వాత సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు గానీ కనకానికి తెలియలేదు.

విజయనగరం గంటస్తంభం దగ్గర తన దుకాణంలో సన్యాసిరావుకి ఒక అలవాటుంది. అద్దెకి వెళ్ళే ప్రతి స్పీకరు పెట్టెనీ పడవ పాట పెట్టి పరీక్షిస్తాడు. వైర్లు బిగిస్తూనే నడుము తిప్పుతాడు. రోడ్డు మీద వెళ్ళే పిల్లలు ఆగి ఈలలేస్తారు. ఆ రోజు కూడా పెట్టాడు. పాట సగం దాకా వచ్చింది. సన్యాసిరావు పెట్టెకి చెవి ఆనించి, "ఎడమ పెట్టెలో బేసు తక్కువున్నాది" అని పాట మధ్యలో ఆపేశాడు. కదల్లేదు. భుజం లేవలేదు. రోడ్డు మీది పిల్లలు కాసేపు చూసి వెళ్ళిపోయారు.

కనకం తల్లి ఈశ్వరమ్మ కూతుర్ని వంటింట్లోకి పిలిచింది.

"మీ నాన్న అలగైపోయాడేటే? పడవ పాటెడితే వార్తలిన్నట్టు ఇంటన్నాడు. ఏటైనా జబ్బా?"

"ఏమో అమ్మా. వయసు..."

"వయసేటి నీ మొహం! ఆ పాటకే నేనితన్ని సేసుకున్నాను. మా ఊరి తీర్థంలో ఒన్స్‌మోర్ అని మొదట అరిసింది నేనే. మా అయ్య వీపు ఇమానం మోత మోగించేసినా ఊరుకోలేదు, మళ్ళీ అరిసేను. అప్పుడితను విగ్గు తీసేసి, అద్దాలు తీసేసి, రికార్డు ఆపించేసి, ఒట్టి మొహంతోటి ఆడేడు. ఆ మొహం సూసే సేసుకున్నాను."

ఇది కనకానికి తెలిసిన కథే. సన్యాసిరావు దళంలో అదొక ఆనవాయితీ. మొదటిసారి ఆట హీరోది. జనం ఒన్స్‌మోర్ అన్నారంటే ఆ రెండోసారి ఆట డూపుది. అప్పుడు విగ్గు ఉండకూడదు, రికార్డు ఉండకూడదు, డప్పూ జనం చప్పట్లే. మరో దళంలో ఇలా చేస్తే జనం రాళ్ళేసేవారేమో గానీ ఇతనికి మాత్రం ఒప్పుకున్నారు.

"నాన్నా, ఆ పాట ఇప్పుడు ఎలా ఉంటోంది నీకు?" అని అడిగింది కనకం.

"బాగానే ఉంటాది. మంచి పాటే గదా. మనోళ్ళ పెళ్ళిళ్ళకి అడుగుతారు కూడాను" అన్నాడు సన్యాసిరావు. జీవితమంతా మనిషిని ఊపేసిన పాట గురించి, కొట్టువాడు సరుకు గురించి చెప్పినట్టు చెబుతున్నాడు.

హాస్టలుకి తిరిగి రాగానే రూమ్మేటు జుబేదాని పట్టుకుంది. ఆ పిల్ల తన నానమ్మ చూసే టీవీ సీరియళ్ళ మీద పేపరు చేస్తోంది.

"మీ నానమ్మ ఇప్పుడు ఏడుస్తోందా?"

జుబేదా తల దించుకుంది. "లేదే. ఆ పెద్దకోడలు ఇంట్లోంచి వెళ్ళిపోయే సీను వస్తే కొంగంతా తడిసిపోయేది కదా, ఇప్పుడు టీవీ ముందే కూచుని బియ్యం ఏరుకుంటోంది. ఏం నానమ్మా అంటే, ఎవత్తో ఎక్కడికో పోతోంది, నాకేం అంది. మంచిదేలే, బీపీ తగ్గుతుంది అనుకున్నాను. నాలుగు ఎపిసోళ్ళూ తీసేశాను కనకం. ఇంక ఆవిడకి ఏడవడానికి ఏమీ మిగల్లేదు."

ఇద్దరూ కలిసి భానుమూర్తి దగ్గరకి వెళ్ళారు. ఆయన వాళ్ళని కూర్చోబెట్టాడు, అబద్ధమాడలేదు. ఆ మాత్రం గౌరవం ఆయనకి ఇవ్వాలి.

"పులకింత పుట్టే నాడులు చాలా సన్నవి. వాటిని ఒక్కొక్కటిగా తట్టి చూస్తేనే పట్టీకి లెక్క అందుతుంది. తట్టిన నాడి ఆ పాటకి మళ్ళీ పలకదు. మొదటినుంచీ తెలుసు నాకు."

"తెలిసి కూడా మాకు చెప్పలేదా సార్?"

"చెబితే ఎవరిస్తారమ్మా?" అన్నాడాయన. పక్కనున్న బీరువా వైపు చెయ్యి చూపించి, "మొట్టమొదట పట్టీ కట్టుకున్నది నేను. మా అమ్మ పాడగా టేపులో పట్టిన జోలపాటకి. ఆ ఫైలు ఈ బీరువాలోనే ఉంది. ఇప్పటికి ఎంతో మంది దాన్ని కట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు రావు. అయితేనేం? నేను పోయాక కూడా మా అమ్మ పాట ఉంటుంది. మీ నాన్నగారి సంతోషం ఆయనతో పాటు మట్టిలో కలిసిపోవడం నీకు ఇష్టమా?"

ఆ మాటలో న్యాయం లేదని కనకానికి తెలుసు, ఎక్కడ లేదో మాత్రం అందలేదు. భానుమూర్తి లేచి నిలబడ్డాడు.

"నీవి ఇంకా మూడు రికార్డింగులు రావాలి. లేకపోతే వైవాలో గట్టెక్కలేవు. మీ నాన్నగారు ఇంకా మూడు పాటలకి ఊగుతారు కదా?"

ఊగుతాడు. కోడిపుంజు పాటకి, బస్సు పాటకి, పెళ్ళిపందిరి పాటకి. ఆ మూడింటినీ తలుచుకుంటూ కనకం బయటికి నడిచింది. వరండాలోకి వచ్చాక ఆ పిల్లకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. తన తండ్రిని సంతలో చూసి మొహం తిప్పుకున్నవాళ్ళు కనీసం ఆయన దగ్గరనుంచి ఏమీ ఎత్తుకుపోలేదు.

వైవాలో సంతకం పెట్టేదాకా ఫైలు విద్యార్థి చేతిలోనే ఉంటుంది. కనకం ఫైలునీ, జుబేదా పేరు మీద తీసుకున్న పట్టీనీ సంచిలో వేసుకుని విజయనగరం బస్సెక్కింది. పోయినదాన్ని పోయినచోటే పెట్టొచ్చునేమోనని చిన్న ఆశ. మధ్యాహ్నం బేరాల్లేని వేళ తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ కట్టి ఫైలు నడిపింది.

సన్యాసిరావు ఒళ్ళంతా జలదరించింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. కనకం ఆశగా మొహంలోకి మొహం పెట్టి చూసింది. పాట అయిపోయింది. అతను తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవడో గానీ తల్లీ, మా గొప్పగా సంతోసపడ్డాడు. ఎవడతను?"

కనకం నేల మీద కూలబడిపోయింది. తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి జరిగినదంతా చెప్పింది. తనే తీసుకెళ్ళానని, తనే కట్టానని, ఇంకా మూడు పాటలు అడుగుతున్నారని చెప్పింది. ఈశ్వరమ్మ గుమ్మంలో నిలబడి అంతా విని కొంగు నోట్లో కుక్కుకుంది.

సన్యాసిరావు కూతురి తల నిమిరాడు.

"ఆ మూడూ ఇచ్చేస్తే నీకు పట్టా వస్తాదా?"

"నాన్నా!"

"అడుగుతున్నాను గదా, సెప్పు. నీ సదువుకన్నా ఎక్కువేటి నాకు? తీసేసుకో."

"ఇయ్యను" అంది కనకం తలెత్తి. "పట్టా పోతే పోనీ. ఒక్క పాట కూడా ఇవ్వను. పేపరు మాత్రం రాస్తాను. రాసి వాళ్ళ ముందరే చదువుతాను."

కూతురి మొహంలోకి చూసి సన్యాసిరావు మొదటిసారి నవ్వాడు. "మీ అమ్మ పోలికే. తన్నులు తిని కూడా మళ్ళీ అరిసే రకం."

"మరి ఈ ఫైలు ఏం చెయ్యను? ఇది నీది."

"నాదైతే నాకు తెలవాల గదా. నాకే తెలవనిది ఎవడికో ఎందుకు? నేను మైకుసెట్లు అద్దెకిస్తాను గానీ సంతోసం అద్దెకివ్వను. తుడిసేయ్."

కనకం తుడిచేసింది. ఈశ్వరమ్మ మెల్లగా భర్త పక్కన వచ్చి కూర్చుని, "మరి ఆ రెండోసారి ఆడేవు గదా, విగ్గు తీసి? అది వాళ్ళ మిషన్‌లోకి ఎక్కలేదు గదా?" అని అడిగింది.

నిజమే, ఎక్కలేదు. దానికి రికార్డు లేదు. రికార్డు పాటతో జత కలపనిదే పట్టీ పులకింతని పట్టలేదు.

సన్యాసిరావు తల అడ్డంగా ఊపాడు. "మొదటిసారి లేందే రెండోసారెక్కడిదే పిచ్చిదానా? ముందు హీరో ఆడాల, జనం అరవాల. అప్పుడు గదా నేను."

కనకం పేపరు ఆ రెండోసారి ఆట మీదే రాసింది. డబ్బా కొట్టలేదు, సిద్ధాంతాల పేర్లు గుప్పించలేదు. తండ్రిని, తల్లిని, డప్పు కొట్టినవాళ్ళని, చప్పట్లు కొట్టినవాళ్ళని కూర్చోబెట్టి అడిగి, విని రాసింది. పేరు 'విగ్గు తీసిన డూపు'.

వైవా నాడు పులకింత ఇచ్చినవాళ్ళు కూడా హాజరు కావాలని నియమం. వచ్చి, అవును నాదే అని చెప్పాలి. సన్యాసిరావు, ఈశ్వరమ్మ వెనక వరసలో కూర్చున్నారు. హాలు తలుపు దగ్గర తమ వంతు కోసం విద్యార్థులు గుమిగూడారు, జుబేదా అందరికన్నా ముందు నిలబడింది. వేదిక మీద భానుమూర్తి, ఆయన పక్కన ఇద్దరు పరీక్షకులు నుదుటికి పట్టీలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఫైళ్ళు నడపండి" అన్నాడు ఒక పరీక్షకుడు.

"లేవు సార్. ఒకటి ఉండేది, తుడిచేశాను. మిగతా మూడూ తియ్యలేదు. పేపరు చదువుతాను."

భానుమూర్తి మొహం పాలిపోయింది. "తుడిచేశావా? అదేమిటో తెలుసా నీకు?"

"తెలుసు సార్. మా నాన్న."

కనకం పేపరు విప్పి చదవడం మొదలుపెట్టింది. గొంతు మొదట తడబడింది, పోనుపోను గట్టిపడింది. జనం డూపుని చూడటానికి వస్తారనుకుంటాం, హీరో రాలేదు కాబట్టి డూపుతో సరిపెట్టుకుంటారనుకుంటాం. మరి ఒన్స్‌మోర్ అన్నది ఎవరిని? విగ్గు తీసేస్తే వెళ్ళిపోకుండా ఎందుకు నిలబడ్డారు? కనకం అక్కడిదాకా వచ్చేసరికి రెండో పరీక్షకుడు చెయ్యెత్తాడు.

"కథ బాగుందమ్మా. ఆధారం ఏది? పులకింత కొలవకుండా అది ఉందని ఎలా ఒప్పుకోవాలి?"

కనకానికి కోపం నషాళానికి అంటింది. పేపరు బల్ల మీద పడేసింది. సంచిలోంచి తండ్రి పాత విగ్గు తీసి నెత్తిన పెట్టుకుంది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. పరీక్షకులకి చూపించడానికని తెచ్చిన వస్తువులవి. సెల్‌ఫోన్‌లో పడవ పాట పెట్టి హాలు మధ్యలోకి వచ్చింది.

ఆ పిల్లకి డ్యాన్సు రాదు. ఆ సంగతి మొదటి అడుగులోనే అందరికీ తెలిసిపోయింది. భుజం లేవాల్సినచోట మోచెయ్యి లేచింది. పడవ ఊగాల్సినచోట మనిషి తూలింది. విగ్గు కళ్ళ మీదకి జారింది. తలుపు దగ్గర ఎవరో నవ్వారు. కనకం ఆగలేదు. సిగ్గుతో చెవులు మండిపోతున్నా చివరిదాకా ఆడి, చివర్లో చెయ్యెత్తి అలాగే నిలబడింది. రొప్పుతోంది. చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక కేక వినిపించింది.

"ఒన్స్‌మోర్!"

ఈశ్వరమ్మ లేచి నిలబడి ఉంది. పరీక్షకులు తిరిగి చూశారు. ఆవిడ ఎవర్నీ లెక్కచెయ్యలేదు. రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని మళ్ళీ అరిచింది. తలుపు దగ్గర జుబేదా అందుకుంది. ఇంతసేపూ నవ్వినవాళ్ళు కూడా అందుకున్నారు. హాలంతా ఒన్స్‌మోర్ అని మోగిపోయింది.

సన్యాసిరావు కూర్చున్నచోటే ఇబ్బందిగా కదిలాడు. భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. హీరో ఆడటం అయిపోయింది, జనం అరుస్తున్నారు. లేచాడు. నొప్పి మోకాలు పట్టుకుని మెల్లగా మధ్యలోకి నడిచి, కూతురి నెత్తిన ఉన్న విగ్గు తీసి పక్కన పెట్టాడు. కళ్ళద్దాలు తీసి దాని మీద పెట్టాడు. ఫోనులో పాట మళ్ళీ మొదలవుతోంది. "పాటాపేయ్ గుంటా" అన్నాడు.

జుబేదా తలుపు చెక్క మీద దరువు మొదలుపెట్టింది. పిల్లలు చప్పట్లు కలిపారు.

అది పడవ పాట కాదు. ఏ పాటా కాదు. రంగు వెలిసిన జుట్టూ, ముడతల మొహమూ ఉన్న మనిషి ఒకడు తనకి తోచినట్టు ఆడుతున్నాడు. మోకాలు సహకరించనిచోట చేత్తో పూరించాడు. ఒకచోట తప్పాడు, తప్పినందుకు తనే నవ్వుకున్నాడు, ఆ నవ్వునే మళ్ళీ ఒక అడుగు చేశాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి కాబట్టి ముందు నిలబడ్డ కనకానికి కనిపించింది. అతని చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"పట్టీ!" అని కేకేశాడు భానుమూర్తి. తన నుదుటి పట్టీ ఊడబీక్కుని పరుగెత్తుకొచ్చాడు. "కట్టండి, త్వరగా కట్టండి! రికార్డు లేకపోతే చప్పట్లకి కలుపుదాం. పోతుందమ్మా, ఇది పోతుంది!"

కనకం రెండు చేతులూ చాచి ఆయనకి అడ్డం నిలబడింది.

"పోనివ్వండి సార్. మళ్ళీ అడిగితే మళ్ళీ ఆడతాడు. అదే నా పేపరు."

భానుమూర్తి ఆగిపోయాడు. చేతిలో పట్టీ వేలాడుతోంది. కనకం భుజం మీదుగా ఆయన ఆ ఆట అలా చూస్తూ ఉండిపోయాడు. ఆట అయ్యాక వెళ్ళి కుర్చీలో కూర్చుని, నియమం ప్రకారం కాగితం మీద 'అనుత్తీర్ణం' అని రాసి సంతకం పెట్టాడు. పట్టీ మాత్రం మళ్ళీ నుదుటికి కట్టుకోలేదు.

బస్టాండుకి వెళ్ళే దారిలో సన్యాసిరావు కుంటుతూ నడుస్తున్నాడు. మొహం మతాబాలా ఉంది.

"తప్పించేశారు గదే నిన్ను" అన్నాడు.

"తప్పించారు."

"నాకు నవ్వొస్తన్నాది. తప్పా?"

"నాకూ వస్తోంది నాన్నా."

కొత్త సెమిస్టరు మొదలైంది. తప్పినవాళ్ళు మళ్ళీ కోర్సు ఎంచుకోవాలి. శాసనాల కోర్సులో సీట్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉన్నాయి, అది తీసుకుంటే ఏ గొడవా లేకుండా పట్టా చేతికొస్తుంది. ఆఫీసులో గుమాస్తా అదే సలహా ఇచ్చాడు. కనకం వెనక జుబేదా నిలబడి ఉంది, ఆమె కూడా ఫైళ్ళ మీద సంతకం పెట్టనని పరీక్ష తప్పింది. జుబేదా వెనక అలా సంతకం పెట్టనివాళ్ళే ఇంకెవరెవరో ఉన్నారు. వరస వరండా దాటి మెట్లదాకా పోయింది.

"ఏ కోర్సమ్మా?" అన్నాడు గుమాస్తా.

"జనరంజకం."

"మళ్ళీ అదేనా?"

"మళ్ళీ అదే" అంది కనకం. "పట్టీ లేకుండా."